సాయంత్రం వేళ చూసుకునే లెక్క

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబంపైనా, సహచరులందరిపైనా శాంతి శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోకీ పొడవైనది ఏదని అడిగితే మన మక్తబ్‌లో చదివే పిల్లలు కూడా చెప్పగలరు. అది బఖరా సూరాలోని 282వ ఆయతు. అందులో ఉన్నది స్వర్గ వర్ణన కాదు, నరక వర్ణన కాదు, ఏ ప్రవక్త గాథా కాదు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడరాదనీ అల్లాహ్ అందులో ఆదేశించాడు. లెక్క రాసుకోవడం మన ధర్మంలో అంతటి గౌరవం గల పని. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నామంటే, ఈ జుమా రోజున మేము మీతో ఒక లెక్కల పుస్తకం గురించి మాట్లాడదలచాము. ఆ పుస్తకం రాసినవాడు లెక్క రాసినందుకు మాత్రం మందలింపదగినవాడు కాడు.

కొన్ని నెలల క్రితం ఒక యువకుడు ఇషా నమాజు ముగిశాక, అందరూ వెళ్ళిపోయేదాకా వేచి ఉండి మా దగ్గరికి వచ్చాడు. అతని అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాము. గుర్తుపట్టే వివరాలు విడిచిపెట్టాము. ఎవరై ఉంటారా అని ఊహించే ప్రయత్నం దయచేసి చేయకండి. అతని చేతిలో అట్ట వేసిన పొడవాటి నోటుబుక్కు ఉంది. “హజ్రత్, లాభం వచ్చిన రోజులు పచ్చ సిరాతో, నష్టం వచ్చిన రోజులు ఎర్ర సిరాతో రాశాను. పచ్చ రోజులే ఎక్కువ ఉన్నాయి. అయినా నా దగ్గర డబ్బు లేదు. ఎక్కడికి పోయిందో మీరు చూసి చెప్పండి” అన్నాడు.

మేము షేర్ల వ్యవహారం తెలిసినవారం కాము. కాంట్రాక్టు నోటు చదవడం కూడా ఆ రాత్రి అతని దగ్గరే నేర్చుకున్నాము. మార్కెట్టు మధ్యాహ్నం మూడున్నరకు ముగియగానే అతడు ప్రతిరోజూ ఆ పుస్తకం తెరిచేవాడు. తేదీ, కొన్నది, అమ్మినది, వచ్చినది, పోయినది, కారణం అని గళ్ళు గీసుకున్నాడు. మొదట్లో ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మేసే ఇంట్రాడే షేర్లు. ఆ తరువాత నిఫ్టీ ఫ్యూచర్లు, ఆప్షన్లు. చివరి నెలలలో మార్కెట్టు మూసుకున్నాక రాత్రిపూట ఫోనులో విదేశీ కరెన్సీల జంటలు. తొలి పేజీలలో ‘కారణం’ అనే గడిలో మూడు నాలుగు పంక్తులు ఉండేవి. పోనుపోను అవి ‘తొందరపడ్డాను’, ‘పోయినది రాబట్టబోయాను’, ‘స్టాప్‌లాస్ తీసేశాను’ అనే ముక్కలుగా మారాయి. ఆఖరి పేజీలలో ఆ గడిలో అడ్డగీత తప్ప ఏమీ లేదు.

మేమిద్దరం కూర్చుని కూడాము. మొత్తం 214 రోజులు. అందులో పచ్చవి 130, ఎర్రవి 84. లాభం వచ్చిన రోజున సగటున 900 రూపాయలు వచ్చాయి. నష్టం వచ్చిన రోజున సగటున 2,100 పోయాయి. అంటే వచ్చినది 1,17,000, పోయినది 1,76,400. గెలిచిన రోజులు ఎక్కువైనా చేతికి 59,400 రూపాయల లోటు. లాభం కాస్త కనిపించగానే పోతుందేమోనన్న భయంతో అమ్మేసేవాడు. నష్టం కనిపిస్తే తిరిగి వస్తుందన్న ఆశతో పట్టుకుని కూర్చునేవాడు. ఇక బ్రోకరేజీ, లావాదేవీల పన్ను, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ అతని పుస్తకంలో లేనే లేవు. కాంట్రాక్టు నోట్లు తీసి కూడితే అవి మరో 38,000 దాటాయి. గెలిచినా ఓడినా ప్రతిరోజూ తప్పక కట్టిన సొమ్ము అది.

పెట్టుబడి గడిలో ఒకచోట ‘1,50,000 (ఇంట్లోది)’ అని ఉంది. ఇంట్లోది అంటే ఏమిటని అడిగాము. చాలాసేపు పలకలేదు. భార్య గాజులు, బంగారు రుణం ఇచ్చేచోట కుదువ పెట్టాడు. లాకరులో భద్రంగా ఉన్నాయని ఆమెతో చెప్పాడు. సోదరులారా, భార్య బంగారం భార్యదే. మహర్‌గా వచ్చినదైనా, పుట్టింటివారు పెట్టినదైనా ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే తప్ప భర్తకు దానిపై హక్కు లేదు. ‘ఇంట్లోది’ అనే మాట ఎంత మెత్తగా ఉందో చూడండి! దాని వెనుక అమానతు ద్రోహం ఉంది, ఒక అబద్ధం ఉంది, నెలనెలా వడ్డీ ఉంది.

ఇవన్నీ చూసి కూడా మేము కొంత నిబ్బరంగానే ఉన్నాము. కానీ ఒక పేజీ దగ్గర మా వేలు ఆగిపోయింది. అది ఒక శుక్రవారపు పేజీ. ‘పోయినది’ అనే గడిలో 4,200 అని ఉంది. ‘కారణం’ అనే గడిలో ‘నమాజుకు వెళ్ళాను’ అని ఉంది.

అంతకు ముందరి పేజీలలో తొందరపాటు, ఆశ, పంతం అనే కారణాలు రాసిన చేయే ఇది కూడా రాసింది. నమాజు ఆ వరుసలో చేరిపోయింది. ఆ తరువాతి శుక్రవారాలు చూశాము. మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య లావాదేవీలు కనిపించడం మొదలైంది. అతడు తల వంచుకుని, “మస్జిద్‌కు వచ్చేవాణ్ణి హజ్రత్, వెనుక వరుసలో కూర్చుని జేబులో ఫోను చూసుకునేవాణ్ణి” అన్నాడు.

ఇది మనకు కొత్త పరీక్ష అనుకోకండి. మదీనాలో దైవప్రవక్త (స) జుమా రోజున ప్రసంగిస్తుండగా ధాన్యంతో ఒక బిడారు ఊళ్ళోకి వచ్చింది. అవి ఆకలి, అధిక ధరల రోజులని వ్యాఖ్యాతలు చెబుతారు. జనం లేచి అటు పరుగెత్తారు. పన్నెండుమంది మాత్రమే మిగిలారని సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం. జుమా సూరా చివరి ఆయతు ఆ సందర్భంలోనే అవతరించింది. వ్యాపారాన్నో వినోదాన్నో చూసి ప్రవక్తను నిలబడి ఉండగానే విడిచి వెళ్ళినవారిని అది మందలించింది. అయితే దానికి ముందరి ఆయతులోనే, నమాజు ముగిశాక భూమిలో విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమనే ఆదేశమూ ఉంది. బజారుకు పోవద్దని ఇస్లాం ఎన్నడూ చెప్పలేదు. ఆనాటి బిడారు కనీసం తిండిగింజలు తెచ్చింది. మన జేబులో కదిలే అంకె ఎవరి ఇంటికీ గింజ తేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో ఉన్నదంతా వదలి మదీనాకు వచ్చినప్పుడు, అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. ఆయన అతణ్ణి దీవించి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. కొంత జున్ను, నెయ్యి లాభంగా సంపాదించి తిరిగి వచ్చారు. అది కూడా ఒకరోజు వ్యాపారమే. ఆరోజు సాయంత్రమే లాభం చూసుకున్నారు. కాబట్టి త్వరగా కొని త్వరగా అమ్మడమే దోషమని ఎవరూ అనలేరు. నష్టభయం ఉండడమూ దోషం కాదు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలు విప్పించి, కాయ చేతిలోకి తీసుకుని రంగు చూసి, తేమ చూసి కొంటాడు. కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ధర పెరగవచ్చు, పడిపోవచ్చు. కానీ అతని సొమ్ముకు బదులుగా అక్కడ మిర్చి ఉంది. పాడైతే నష్టం అతనిదే. ఆ బాధ్యత మోస్తున్నాడు కనుకనే లాభం అతనికి ధర్మసమ్మతమైంది.

ఈ కొలతతో మన ఫోనులోని వ్యాపారాన్ని కొలిచి చూద్దాం. ధర్మసమ్మతమైన పని చేసే సంస్థలో, వడ్డీ లావాదేవీల విషయమై ధర్మవేత్తలు పెట్టిన షరతులకు లోబడి షేరు కొంటే, అది ఆ సంస్థలో భాగస్వామ్యం. షేరు మన డీమ్యాట్ ఖాతాలో చేరాక అమ్ముకుంటే సాధారణ క్రయవిక్రయం. దీనిని చాలామంది ధర్మవేత్తలు అనుమతించారు. ఇంట్రాడేలో మాత్రం షేరు ఖాతాలో చేరకముందే అమ్ముడైపోతుంది. కొన్నదానిని స్వాధీనం చేసుకోకముందే అమ్మరాదని దైవప్రవక్త (స) ఆహార ధాన్యాల విషయంలో స్పష్టంగా వారించారు. అందుచేత మన దేశపు ముఫ్తీలలో అనేకులు ఇంట్రాడేను సమ్మతించలేదు. స్వాధీనమంటే ఏమిటన్న చోట పండితుల మధ్య చర్చ ఉన్న మాట నిజమే. దానిని మేము దాచడం లేదు. కానీ ముందే అమ్మి తరువాత కొనే షార్ట్ సెల్లింగ్ విషయంలో అంత చర్చకు కూడా తావు లేదు. కొనుగోలుదారు వచ్చి అడిగితే తన దగ్గర లేనిదానిని అమ్మేసి, ఆపైన బజారులో కొని ఇవ్వవచ్చునా అని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) అడిగినప్పుడు, నీ దగ్గర లేనిదానిని అమ్మవద్దని ప్రవక్త (స) చెప్పారు.

ఫ్యూచర్ల సంగతి మరింత తేట. పంట రాకముందే రైతుకు సొమ్ము చెల్లించి, ఫలానా తేదీకి ఇంత ధాన్యం ఇవ్వాలని ఒప్పుకునే సలమ్ వ్యాపారాన్ని ప్రవక్త (స) అనుమతించారు. అక్కడ సరుకు తరువాత వస్తుంది, డబ్బు మాత్రం పూర్తిగా అప్పుడే ముడుతుంది. రైతుకు విత్తనానికీ ఎరువుకూ ఆసరా అవుతుంది. ఫ్యూచర్లలో సరుకూ ఇప్పుడు లేదు, పూర్తి ధరా ఇప్పుడు లేదు. ఉన్నది రెండు వైపులా మాట మాత్రమే, దానికి హామీగా కొంత మార్జిన్. ఇక నిఫ్టీ వంటి సూచీ మీద పందెం వేసేవాడికి అప్పగించవలసిన సరుకు అసలే లేదు. సూచీ ఒక అంకె. చివరికి చేతులు మారేది తేడా సొమ్ము. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఆప్షన్ల ఒప్పందాలు సమ్మతం కావనీ, సూచీల క్రయవిక్రయం కేవలం జూదమనీ తీర్మానించింది.

కరెన్సీల విషయంలో, బంగారం, వెండి వంటి వాటి మారకానికి ప్రవక్త (స) విధించిన నియమాన్నే పండితులు వర్తింపజేశారు. రకాలు వేరైతే ఎక్కువ తక్కువలు ఉండవచ్చు, కానీ చేతికి చేయి, అక్కడికక్కడే మారాలి. ప్రయాణానికో, హజ్‌కో రియాళ్ళు కొనుక్కోవడం ఈ కోవలోది. వెయ్యి రూపాయలు పెట్టి లక్ష రూపాయల విలువగల కరెన్సీని అరువు మీద ఆడించడం ఈ కోవలోది కాదు. రాత్రికి రాత్రి వడ్డీ పడని ‘ఇస్లామిక్ ఖాతా’ అని కొన్ని విదేశీ యాప్‌లు ప్రకటించుకుంటున్నాయి. వడ్డీ అనే ఒక్క దోషాన్ని తుడిచినంత మాత్రాన స్వాధీనం లేకపోవడం, అప్పు మీద ఆడడం అనే దోషాలు అలాగే ఉండిపోతాయి. పైగా ఇది దేశ చట్టానికీ విరుద్ధం. అనుమతి లేని విదేశీ మారక వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 నుంచి హెచ్చరిక జాబితా ప్రకటిస్తూ వస్తున్నది. అధీకృత ఎక్స్‌చేంజీలలోని రూపాయి కరెన్సీ ఒప్పందాలకు కూడా నిజమైన విదేశీ మారక అవసరం వెనుక ఉండాలని 2024లో తేటతెల్లం చేసింది. సరుకు లేని పందెం గురించి ధర్మం చెప్పినదానికి దగ్గరి మాటే అది.

‘హజ్రత్, లాభాలు గడించినవారు లేరా?’ అని కొందరు యువకులు అడుగుతారు. ఉన్నారు. మద్యపాన జూదాలలో ప్రజలకు కొంత ప్రయోజనం ఉన్నదని అల్లాహ్ గ్రంథమే ఒప్పుకున్నది. వాటి పాపం ఆ ప్రయోజనాన్ని మించినదని తేల్చింది. ఆ ప్రయోజనం ఎందరికి దక్కుతున్నదో కూడా చూడండి. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఈక్విటీ ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నవారు నూటికి ఒక్కరు. 2024-25లోనూ నష్టపోయినవారు నూటికి 91 మంది. నగదు మార్కెట్టు ఇంట్రాడేలో 2022-23లో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఫ్యూచర్లు, ఆప్షన్లలో లాభాలు ఎక్కువగా కంప్యూటర్ అల్గారిథమ్‌లతో ట్రేడింగ్ చేసే పెద్ద సంస్థలకు చేరాయని ఆ నియంత్రణ సంస్థే తెలిపింది. అయితే నష్టం వస్తుంది కనుక నిషిద్ధమని మేము చెప్పడం లేదు. ఆ నూటిలో ఒక్కరు మీరే అయినా, వచ్చిన లక్ష ఎక్కడిది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సూచీ పందెంలో ఒకరికి వచ్చినది మరొకరికి పోయినదే. అటు పక్కన కూర్చున్నది, ‘ఇంట్లోది’ అని రాసుకున్న మరో యువకుడే కావచ్చు.

తీర్పుదినాన మనిషి పాదాలు కదలకముందే అడిగే ప్రశ్నలను దైవప్రవక్త (స) మనకు ముందే తెలియజేశారు. ఆయుష్షు గురించి ఒక ప్రశ్న, యౌవనం గురించి ఒకటి, నేర్చిన విద్య గురించి ఒకటి. ధనం గురించి మాత్రం రెండు: ఎక్కడినుంచి సంపాదించావు, ఎందులో ఖర్చుపెట్టావు? గమనించండి, ఎంత సంపాదించావన్న ప్రశ్న వాటిలో లేదు. ఆ యువకుడు 214 రోజులపాటు ఎంతో క్రమశిక్షణతో సమాధానం రాసుకున్నది ఆ అడగని ప్రశ్నకు! అడగబోయే ప్రశ్నలకు అతని పుస్తకంలో గడి లేదు. ఈ మాట చెప్పినప్పుడు అతడు ఏడ్చాడు. మాకూ కళ్ళు తడిశాయి. ఎందుకంటే మా ఇంటి ఖర్చుల పుస్తకంలో కూడా ఆ గడి లేదు.

మీ లెక్క తీసుకోబడకముందే మీ లెక్క మీరు చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు బోధించేవారు. మన పెద్దలు దీనిని ముహాసబా అన్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చాలు. ఈరోజు నా చేతికి వచ్చినది ఏ మార్గాన వచ్చింది? దానికి బదులుగా నేను ఏమి ఇచ్చాను? ఎవరి సొమ్ము ఎవరికి చెప్పకుండా వాడాను? ఏ నమాజు ఏ తెర ముందు వెనుకబడింది? షేర్ల జోలికి పోనివారు ఇది తమకు కాదనుకోవద్దు. తూకంలోనూ, జీతం తీసుకుని చేయని పనిలోనూ, చీటీల పాటలోనూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

ఇప్పటికే చిక్కుకున్నవారితో ఒక మాట. పోయినదాన్ని రాబట్టి మానేస్తాననే వాగ్దానాన్ని నమ్మకండి. ఆ యువకుడి పుస్తకంలో అది పదకొండు చోట్ల ఉంది. ఈ రోజే ఆపండి. ఇంట్లో చెప్పండి. చెప్పడానికి భయమైతే మమ్మల్ని వెంట తీసుకువెళ్ళండి, వస్తాము. అధర్మంగా వచ్చిన లాభం ఏమైనా మిగిలి ఉంటే పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చివేయండి. అప్పులుంటే పెద్దల సాయంతో తీర్చే మార్గం చూసుకోండి. వడ్డీ అప్పుతో మరో వడ్డీ అప్పు తీర్చకండి. మీ ఇంట్లోవాళ్ళకు కూడా ఒక విన్నపం. నిజం చెప్పిన రోజున అతణ్ణి నలుగురిలో నిలబెట్టకండి. ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినవద్దని చెప్పిన నిసా సూరాలోని 29వ ఆయతులోనే, మిమ్మల్ని మీరు చంపుకోవద్దు, అల్లాహ్ మీ పట్ల కరుణ గలవాడు అనే మాట కూడా ఉంది. సొమ్ము పోయిన రాత్రి మనిషికి ఏ ఆలోచన వస్తుందో సృష్టికర్తకు తెలియదా? అలాంటి ఆలోచన ఎవరికి వచ్చినా, అది అర్ధరాత్రి అయినా సరే, మస్జిద్ తలుపు తట్టండి. మా గది దాని పక్కనే ఉంది.

ఆ యువకుడు ఇప్పుడు ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. గాజుల సంగతి భార్యతో తానే చెప్పాడు. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున అసలు రుణం ఎంత, వడ్డీ ఎంత అని అడిగి తానే కాగితం మీద వేసింది. పోయిన నెల అతడు ఆ నోటుబుక్కును మళ్ళీ మాకు చూపించాడు. మిగిలిన పేజీలలో ఎరుపూ పచ్చా లేవు, నీలి సిరా ఒక్కటే. గళ్ళ పేర్లు మార్చాడు: ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇచ్చాను, ఇంకా ఎంత. మొదటి వరుసలో ‘ఇంట్లోది’ అన్న మాట కొట్టివేసి, భార్య పేరు రాశాడు.

అల్లాహ్! ఆ వరుసను త్వరలో తీర్చివేసే శక్తిని అతనికి ప్రసాదించు. మా సఫ్‌లలో ఇలాంటి పుస్తకాన్ని ఇంకా దాచుకుని ఉన్నవారికి దానిని తెరిచే ధైర్యం ఇవ్వు. ఆమీన్.